ఆర్గాన్ సిలిండరూ గులాబీ రంగు ఇన్‌స్పెక్షనూ

నిండు కుండ తొణకదంటారు. నిండు సిలిండర్ తొణికితే ఏమవుతుందో ఎల్బీనగర్‌లోని మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబు గోడల్ని అడగండి. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా వాటి సిగ్గు పోలేదు, ఇంకా లేత గులాబీ రంగులోనే ఉన్నాయి. ఆ రంగు వేసిన మహానుభావుణ్ణి నేనే. కాస్త దూరంగా కూర్చోండి, చెప్తాను.

అప్పుడు నేను కొత్తగా చేరిన లెక్చరర్ని, ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఒకరోజు ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచారు.

"నర్సింహా, ఇన్‌స్పెక్షనోళ్లు ఒస్తున్నరు. ల్యాబుల ఏదన్న మంచి ప్రయోగం చూపెట్టు. వాళ్లు ఖుష్ అయితే నువ్వు పర్మనెంట్. లేకపోతే జర వేరే కాలేజీ చూస్కో."

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికి ఉన్న గల్లీలో మా అమ్మ అప్పటికే "మా పిల్లగాని నౌకరి పర్మనెంట్ అయింది" అని ఇంటింటికీ చెప్పేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

నేను ఎంచుకున్న ప్రయోగం చూడ్డానికి అందంగా ఉంటుంది. పొడవాటి గాజు గొట్టంలో తేలికైన పొడి చల్లి శబ్దం పంపితే, ఆ పొడి వరసగా చిన్న చిన్న కుప్పలవుతుంది. గొట్టంలో మామూలు గాలి ఉంటే కుప్పల మధ్య ఒక దూరం, సిలిండర్ నుంచి రబ్బరు పైపుతో ఆర్గాన్ వాయువు నింపితే ఇంకో దూరం. దాన్నిబట్టి దేనిలో శబ్దం ఎంత వేగంగా పోతుందో చెప్పొచ్చు.

మామూలుగా వాడేది కార్క్ పొడి. అది బల్ల రంగులో కలిసిపోతుంది, కళ్ళద్దాల పెద్దమనుషులకు ఆనదు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. వినాయక నిమజ్జనంలో చల్లుకోగా మిగిలిన బుక్కా గులాల్ రంగుపొడి మా ఇంటి అటక మీద సంచెడు ఉంది. మెత్తగా, తేలికగా, మంచి గులాబీ రంగులో ఉంటుంది. ఇంకేం కావాలి?

"ఇదేంటండీ నర్సింహగారూ, గొట్టంలో హోలీ ఆడుతున్నారా?" అంది సుభద్ర మేడమ్. ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సీనియర్ లెక్చరర్.

"కనవడాలె గద మేడమ్!"

"చిటికెడు చాలు కదండీ, ఇంత పోశారేంటి?"

"కనవడుడే గాదు మేడమ్, జిందగీల యాదికుండాలె."

ఈ కథలో నేనన్న మాటల్లో నిజమైంది అదొక్కటే.

"సరే, ఆ సిలిండర్ రెగ్యులేటర్ సంగతి తెలుసా? మాన్యువల్ చదివారా?"

"ఏంది మేడమ్, మా గల్లీల అందరి ఇండ్లల్ల గ్యాస్ సిలిండర్ మార్చేది నేనే!"

"వంటగ్యాసు వేరు, ఇది వేరు. ఇందులో ఒత్తిడి చాలా ఎక్కువండీ."

"గ్యాస్ గ్యాసే మేడమ్. పైనుంచి గిది మండది గూడ. వంటగ్యాస్ కన్న నయమే."

ఆవిడ నిట్టూర్చి, గొట్టం చివర నేను గూటంతో కొట్టినట్టు బిగించిన బిరడాను తన చేత్తోనే వదులు చేసింది. ఆవిడకి నామీద నమ్మకం లేదని మనసులో నొచ్చుకున్నాను.

ఇన్‌స్పెక్షన్ బృందం వచ్చింది. వాళ్ళ పెద్దాయన మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకొచ్చారు. "దగ్గరికి రాండ్రి సార్, మంచిగ కనవడ్తది" అని నేనే పిలిచి, బిరడా ఉన్న వైపే నిలబెట్టాను. ఆయన పక్కనే మా ప్రిన్సిపాల్ సారు.

ఇక్కడ మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. కుళాయిని కుడికి బిగిస్తే నీళ్ళు ఆగుతాయి. రెగ్యులేటర్ మర అలా కాదు. బిగిస్తే తెరుచుకుంటుంది, వదులు చేస్తే మూసుకుంటుంది. ముందు దాన్ని పూర్తిగా వదులు చేసి, సిలిండర్ వాల్వును మెల్లగా తెరిచి, ఆ తర్వాతే మరను కొద్దికొద్దిగా బిగించాలి. నేను మాత్రం భద్రత కోసమని ఆ మరను పళ్ళు బిగబట్టి చివరిదాకా బిగించాను.

"సేఫ్టీ ఫస్ట్ సార్!" అని ప్రకటించి, సిలిండర్ వాల్వును గిర్రున తిప్పాను.

బుస్సుమంది. బిరడా ఎగిరి ఫ్యాను రెక్కకు తగిలి కిటికీలోంచి వెళ్ళిపోయింది. దాని వెనకాలే గొట్టంలోని గులాల్ అంతా బయలుదేరింది.

"బంద్ చెయ్‌రా! బంద్ చెయ్!" అని గులాబీ మబ్బులోంచి ప్రిన్సిపాల్ సారు గొంతు.

"చేస్తున్న సార్!" అంటూ నేను మరను ఇంకా కుడికే బిగిస్తున్నాను.

సుభద్ర మేడమ్ నన్ను ఒక్క తోపు తోసి, సిలిండర్ వాల్వు మూసి, కిటికీలన్నీ తెరిచి, "ముందు అందరూ బయటికి నడవండి!" అని తరిమింది. నిలువెల్లా గులాబీ రంగుతో పెద్దలంతా వరండాలోకి రాగానే, పైఅంతస్తు నుంచి పిల్లలు చూసి ఒక్కసారిగా అరిచారు.

"జై బోలో గణేశ్ మహరాజ్‌కీ!"

"జై!"

పెద్దాయన కళ్ళద్దాలు తీశారు. అద్దాల కింది రెండు సున్నాలు తప్ప మొహమంతా గులాబీయే.

"ఏం గ్యాసయ్యా ఇది?"

"ఆర్గాన్ సార్. శాన మంచిది సార్. దేనితోని చర్య జరపది."

"అది జరపకపోతే ఏంది, మేం జరుపుతం."

నవ్వుతూ చెప్తున్నాను గానీ, అది నవ్వే సంగతి కాదు. ఆ బిరడా నేను బిగించినట్టే ఉండుంటే గాజు గొట్టం పగిలి, వంగి చూస్తున్నవాళ్ళ కళ్ళు పోయేవి. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చచ్చిందట. అన్నీ తెలిసిన అయ్య ఇన్‌స్పెక్షన్ నాడు చస్తాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ సారు పిలిచారు. ఆయన చెవి వెనకాల రంగు ఇంకా వదల్లేదు. నేను సర్దుకున్న సంచీతోనే లోపలికి వెళ్ళాను.

"పర్మనెంట్ అయినవ్ పో."

"నిజమా సార్? వాళ్లు ఖుష్ అయిన్రా?"

"ఖుషా? ల్యాబుకు పర్మనెంట్‌గ ఒక సేఫ్టీ ఇన్‌చార్జి ఉండాల్సిందేనని చెప్పి పోయిన్రు. అందర్ని అడిగిన. ఆ సిలిండర్ దిక్కు చూడనీకె గూడ ఎవ్వరు ఒప్పుకుంటలేరు. దాంతోని ఏమేం తప్పులు చెయ్యొచ్చో మొత్తం ఎరుకున్నోడివి నువ్వొక్కడివే."

ఆ క్షణమే కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను. మాన్యువల్ చదవకుండా మర ముట్టను. ముట్టినా ముందు వదులే చేస్తాను. పండగ సామాను ల్యాబు గడప తొక్కనివ్వను. "నాకెరుకే" అనే మాట ఈ జన్మలో సిలిండర్ ముందు అనను. ఆ ప్రతిజ్ఞ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదని రొమ్ము విరుచుకుని చెప్పగలను. తప్పడానికి వీలు కూడా లేదులెండి. సేఫ్టీ ఇన్‌చార్జిని నేనే అయినా, సిలిండర్ గది తాళంచెవి సుభద్ర మేడమ్ దగ్గరే ఉంటుంది.