ఇనుమును పలకరించే వెంకటనారాయణ గారు

చరిత్రకారులు ఇంకా గమనించలేదు గానీ, కల్లూరు మండలంలో ఏ ఇంటి చరిత్రనైనా రెండు యుగాలుగా విభజించక తప్పదు. వెంకటనారాయణ గారు ఆ ఇంటికి రాకముందు ఒక యుగం, వచ్చి వెళ్లాక ఇంకొక యుగం. మొదటి యుగంలో కుడితి గోలెం మీద తుప్పు పట్టిన పాత మూత ఒకటి ఉంటుంది. రెండో యుగంలో అది ఉండదు. దానికి బదులు తళతళలాడే కొత్త స్టీలు మూత వస్తుంది. అంత మంచి మూతను కుడితి మీద పెట్టడానికి మనసొప్పక ఇల్లాలు దాన్ని బీరువాలో దాస్తుంది. కుడితిలో ఎలుక పడుతుంది. మహానుభావుల రాకపోకలకు ఈ మాత్రం పర్యవసానం సహజమే.

ఆయనకున్న అలవాటు ఒక్కటే. ఎవరింటికి వెళ్లినా మనుషుల కంటే ముందు ఇనుమును పలకరిస్తారు. గడప దాటుతూనే ఆయన చూపు దూలాల మీద, దండేల మీద, పశువుల కొట్టం మీద ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఎక్కడో ఒకచోట, తన తండ్రి కొన్న లాండ్‌మాస్టర్ కారుకు పనికొచ్చే విడిభాగం కనబడుతుంది. "ఇది మనదే" అంటారు. అన్నాక, దానికి బదులుగా అంతకంటే మంచి వస్తువు ఆ ఇంటికి చేర్చేదాకా ఆయనకు నిద్ర పట్టదు.

తిరుమలాయపాలెం దగ్గర ఒక ఇంటికి పరామర్శకు వెళ్లారు. పోయినాయన కొడుకు చేతులు రెండూ పట్టుకుని, "మీ నాన్న లాంటి మనిషి మళ్లీ పుట్టడు నాయనా. ఎప్పుడు చూసినా నవ్వు మొహమే. ఆ మేకల కొట్టం మీద కప్పింది బానెట్టేనా?" అన్నారు. కొడుకు ఏడుపు ఆపి, కొట్టం వైపు చూసి, "అవ్" అన్నాడు. పెద్దకర్మ నాటికి కొట్టం మొత్తానికి కొత్త రేకులు పడ్డాయి. అది తమ ఇల్లేనన్న నమ్మకం మేకలకు కుదరడానికి కొంతకాలం పట్టింది.

ఇక పెళ్లిళ్ల సంగతి. తాళి కట్టే వేళకు ఆయన ఎప్పుడూ గాడిపొయ్యి దగ్గర, పులిహోర గంగాళం మీది మూతను తిరగేసి చూస్తూ ఉంటారు. అందుకని ఆయన భార్య సుశీలమ్మ గారు అక్షింతలు రెండు చేతులా వేయడం అలవాటు చేసుకున్నారు. కుడిచేతివి ఆవిడవి, ఎడమచేతివి ఆయన తరఫున.

అయితే ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. లాండ్‌మాస్టర్ తయారీ ఆగిపోయిన నాటికి ఇప్పటి తాతలు గోలీలాడుకుంటున్నారు. ఒకప్పుడు దాని సామాన్లు బెజవాడ ఆటోనగర్‌లో అడిగితే ఇచ్చేవాళ్లు. తర్వాత అడిగితే నవ్వేవాళ్లు. ఇప్పుడు అడిగితే "అదేం బండి సార్?" అంటున్నారు. ఆ పాత కార్లు పాత ఇనుము కొట్లలో కరిగి, కొత్త స్లాబుల్లో చువ్వలయ్యాయి. కమానుపట్టీలు గొడ్డళ్లుగా మారి అడవికి వెళ్లిపోయాయి. మిగిలిన కాసిన్ని సామాన్లనూ హైదరాబాదులో షోకు ఉన్నవాళ్లు ఫోనులోనే బేరమాడి ఎత్తుకుపోతున్నారు. కనుక లాండ్‌మాస్టర్ నశించలేదని, మూతలుగా, తొట్లుగా, గడియలుగా అవతారాలెత్తి జనంలో కలిసిపోయిందని వెంకటనారాయణ గారి సిద్ధాంతం. వాటిని మళ్లీ ఒక్క దేహంగా కూర్చడమే తన జన్మకు పరమార్థమని ఆయన చెప్పుకుంటారు.

ఆ కూర్చే పని మెకానిక్ సంసోనుది. సంసోనుకు ఇంజను శబ్దం వింటే రోగం తెలుస్తుంది. అబద్ధం మాత్రం చెప్పడం రాదు. "ఈ బండికి పైసలు పెట్టుడు దండగన్నా" అని నిజం చెప్పి చెప్పి గిరాకీ పోగొట్టుకున్నవాడు. కూతురు బ్లెస్సీ రెండు జడలతో బడికి పోయే రోజుల్లో ఈ కారు ఇంజను విప్పాడు. ఆ బ్లెస్సీ ఇప్పుడు ఖమ్మంలో నర్సు.

"నాన్నా, మన చర్చి గోడలు లేపిండ్రు, సున్నం ఏసిండ్రు, ఆ సున్నం గూడ రాలిపాయె. నీ కారు మాత్రం కదల్లే" అంటుంది కూతురు.

కూతురి మాట సర్దుకోవచ్చు. ఊరి మాటే గుచ్చుకుంటోంది. కల్లూరులో ఒక సామెత పుట్టింది: "సంసోనుకిస్తే లాండ్‌మాస్టరైతది." రిపేరుకిచ్చిన గ్రైండరు ఆలస్యమైనా ఇదే మాట, పంచాయతీ రోడ్డు ఆలస్యమైనా ఇదే మాట. బతికుండగానే సామెతలోకి ఎక్కడం ఎవరికీ మంచిది కాదు. దీన్ని చెరపడానికి సంసోనుకు ఒకే ఒక దారి కనబడింది. వచ్చే ఆదివారం ఖమ్మంలో పాత కార్ల ఊరేగింపు ఉంది. అందులో లాండ్‌మాస్టర్ ఒక్కసారి తన కాళ్ల మీద తాను నడిచిందా, సామెత సమాధి అయినట్టే. ఇంజను సిద్ధం. బ్రేకులు సిద్ధం. రంగు కూడా పడింది. లేనిదల్లా డిస్ట్రిబ్యూటర్ మూత. నాలుగు ప్లగ్గులకూ నిప్పు పంచిపెట్టే ఆ చిన్న నల్లటి మూత లేకపోతే ఇంజను దగ్గు కూడా దగ్గదు.

ఆ ఒక్కటీ వెతకండి మహాప్రభో అంటే వెంకటనారాయణ గారు ఇంకేవేవో తెస్తున్నారు. ముఖ్యంగా సారపాక దాటి అడవి అంచు ఊళ్లకు వెళ్లివచ్చిన రోజుల్లో.

"సంసోనూ, చూశావా. క్లచ్ పెడల్."

"ఇది కుట్టుమిషను తొక్కుడు పలక, సార్."

"క్లచ్ పెడలే."

"దీనిమీద మిషను కంపెనీ పేరున్నది, సార్."

"ఆ రోజుల్లో కంపెనీలన్నీ ఒకదానికొకటి చుట్టాలేనయ్యా."

ఆ పలక ఇచ్చిన ఇంటికి కొత్త కుట్టుమిషను వెళ్లింది. తండాలో లాల్‌సింగ్ ఇచ్చిన బోరు మోటారు ముక్క రేడియేటర్ ఫ్యానుగా గుర్తింపు పొందింది. లాల్‌సింగ్ బోరు మళ్లీ నీళ్లు పోసింది. లాండ్‌మాస్టర్ షెడ్డు వెనక ఇలాంటి విడిభాగాలు గుట్ట పడ్డాయి. అన్నీ కలిపి బిగిస్తే కారు కాదు గానీ పిండిమిల్లు తయారయ్యేది.

సుశీలమ్మ గారు ఒకరోజు సంసోనును పక్కకు పిలిచారు. "ఆయన కళ్లజోడు మార్పిద్దామంటావా?"

"కండ్లు బాగనే ఉన్నయమ్మా. రోడ్డు మీద పడ్డ సూదంత కాటర్ పిన్ను నడిచే ఆటోల నుంచి చూస్తడు."

"మరి ఈ చోద్యమేమిటి?"

"ఆశ, అమ్మా. ఆశ ముదిరితే చెప్పు గూడ సైలెన్సర్ లెక్కనే కనబడతది" అన్నాడు సంసోను. పెద్దాయన్ను జనం మోసం చేస్తున్నారని అతని నమ్మకం.

ఊరేగింపు ఇంకా నాలుగు రోజులుందనగా ఇద్దరూ సంసోను ట్రాలీ ఆటోలో బయల్దేరారు. వెనక రేకులు, స్టీలు గిన్నెలు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. సారపాక దాటి, రోడ్డు సన్నబడి, చెట్లు చిక్కబడ్డాక ఒక గూడెంలో జంపక్క అనే పెద్దావిడ ఇంటి ముందు ఆగారు. మంచినీళ్లు అడిగే నెపంతో లోపలికి వెళ్లడం వెంకటనారాయణ గారి పద్ధతి. ఆ పూట ఆయన కంటే ముందు సంసోను చూపు ఆగిపోయింది.

గోడకు ఒక ముసలాయన ఫోటో. కింద గూట్లో అగరొత్తులు వెలుగుతున్నాయి. చుట్టూ నాలుగు, మధ్యలో ఒకటి. ఆ ఐదూ నిలబడ్డ నల్లటి స్టాండును సంసోను వంగి చూశాడు. అది స్టాండు కాదు, డిస్ట్రిబ్యూటర్ మూత.

"సార్, గూట్ల చూడుండ్రి" అన్నాడు మెల్లగా.

వెంకటనారాయణ గారు చూశారు. తర్వాత ఇంటి కప్పు చూశారు. తడిసి ఉబ్బిన గోడ చూశారు. వాన కారే చోటల్లా పెట్టిన బొచ్చెలు చూశారు. "అదెక్కడిదమ్మా?" అని అడిగారు.

"మా ముసలాయనదయ్యా" అంది జంపక్క. "సారపాకల వెదురు కాంట్రాక్టరు కారు నడిపేటోడు. దినాం రాత్రి కారుల నుంచి గిది తీసి జేబులేసుకొని ఇంటికొచ్చేటోడు. ఇది లేకుంటే దొంగ కాదు, దొంగ తాత వచ్చినా కారు కదలదనేటోడు. ఓనాడు పొద్దుగాల పోయేసరికి కాంట్రాక్టరు కారు అమ్మేసిండు. కొన్నోళ్లు లారీకి కట్టి గుంజుకపోయిండ్రట. గిది ఈయన జేబులనే ఉండె."

"ఏం కారక్కా?" అడిగాడు సంసోను.

"లాండ్‌మాస్టర్. దాని పేరు మా పిల్లల పేర్లకంటె ఎక్కువ పలికేటోడు" అని నవ్వింది. "ఇయ్యాలొస్తరు, రేపొస్తరు దీనికోసం అని చూసిండు. ఎవలు రాలే. మీ కారుదేనా ఏంది అయ్యా? మీదైతే తీస్కపోండ్రి. మంది సొమ్ము మనకెందుకు."

అంటూనే అగరొత్తులు ఒక్కొక్కటీ తీసి గోడ పగులులో గుచ్చింది. మూతను కొంగుతో తుడిచింది. దుమ్ము లేకపోయినా మళ్లీ తుడిచింది. మూడోసారి కూడా తుడవబోయి, చెయ్యి చాపింది.

వెంకటనారాయణ గారు దాన్ని అందుకుని వెలుతురుకు పట్టుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. కుట్టుమిషను పలకలో క్లచ్ పెడల్‌ను దర్శించిన కళ్లు అవి.

"ఇది మనది కాదు" అన్నారు.

సంసోను నోరు తెరిచాడు. "సార్..."

"కాదన్నానుగా. మన దానికి ఇంతకంటే పెద్దది ఉంటుంది." మూతను తీసుకెళ్లి గూట్లో ఎక్కడిది అక్కడ పెట్టారు. "ఆ మూల నిలబెట్టిందేమిటమ్మా?"

"బోరింగు పిడి. విరిగిపోతే తెచ్చుకున్న. తలుపుకు అడ్డం పెడ్త."

వెంకటనారాయణ గారు దాని ముందు కాసేపు భక్తిగా నిలబడ్డారు. "గేరు రాడ్డు. ఇది మనదే. ఎన్నాళ్ల నుంచి వెతుకుతున్నానో."

జంపక్క పిడిని చూసింది. ఆయన్ను చూసింది. "గట్లనా" అంది. "మరి నా తలుపుకు?"

"తలుపుకు గడియ. ఇంటిమీదికి రేకులు. గేరు రాడ్డంటే మాటలా."

జంపక్క లోపలికి వెళ్లి రెండు సీసాల తేనె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఎంత గేరు రాడ్డైనా రేకులు ఎక్కువైతున్నయయ్యా. గివి గూడ తీస్కపోండ్రి, సరిపోతది."

తిరుగుదారిలో సారపాక కాగితం మిల్లు ముందు కర్ర లారీల వరస దాటాక సంసోను అన్నాడు.

"సార్, ఆ మూత మనదే."

"తెలుసు."

"తొక్కుడు పలక?"

"కుట్టుమిషనుది. నువ్వే చెప్పావుగా."

"లాల్‌సింగ్ ఇచ్చిన ఫ్యాను?"

"బోరు మోటారుది. అదీ నువ్వే చెప్పావు."

"నేను చెప్తనే ఉంటి. మీరు వినకపోతిరి."

"ఊరికే ఇస్తే ఎవరు పుచ్చుకుంటారు సంసోనూ? వాళ్లకేం ఖర్మ?" అన్నారు వెంకటనారాయణ గారు, తేనె సీసాలు ఒళ్లో పెట్టుకుని. "ఇన్నాళ్లూ అందరూ అక్కర్లేనిది ఇచ్చి, అక్కరున్నది తీసుకున్నారు. ఆవిడ అక్కరున్నదే ఇవ్వబోయింది. అదేం బేరం?"

సంసోను ఆటో నడుపుతూ ఆదివారాన్ని తలచుకున్నాడు. సామెతను తలచుకున్నాడు. అది తనతో పాటే ముసలిదవుతుందని అర్థమైంది.

పాల్వంచ దాటాక రోడ్డు పక్క సైదమ్మ టీ కొట్టు దగ్గర ఆగారు. కొట్టు ముందు బల్లకు ఒక కాలు విరిగి ఉంది. గిరాకీలంతా నిలబడే తాగి వెళ్లిపోతున్నారు. సైదమ్మ వంగి, ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతోంది. సంసోను గ్లాసు కింద పెట్టి ఆ గొట్టాన్ని చాలాసేపు చూశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"సార్" అన్నాడు. "ఇది మనదే. సైలెన్సర్ పైపు."

వెంకటనారాయణ గారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "నాకు తోచనే లేదు సుమా" అన్నారు.

ఆటోలోని రెండు కుర్చీలూ కొట్టు ముందుకు దిగాయి. ఊదుగొట్టాన్ని సంసోను రుమాలులో చుట్టి సీటు కింద పెట్టుకున్నాడు. మళ్లీ బయల్దేరాక కాస్త మనసు తేలికై, ఉండబట్టలేక అన్నాడు.

"ఏదేమైనా సార్, ఆదివారం ఆ మందిల మీరు స్టీరింగు పట్టుకొని వస్తుంటే ఒక్కసారి చూడాలనుండె."

"నేనా?" అన్నారు వెంకటనారాయణ గారు. "నాకు డ్రైవింగ్ రాదు కదయ్యా."