కుండనీళ్లు తాగిన పిల్ల

ఉరుకుందమ్మది గోనెగండ్ల పక్క పల్లెలో ఎస్సీ కాలనీ. పత్తి ఏరే కూలీ. గొప్పలు పోయే మనిషి కాదు గానీ, ఈ ఏడు మాత్రం ఏ చేలో వంగినా పక్కసాలు ఆడోళ్లకు ఒక్క మాట చెప్పకుండా వదల్లేదు: "ఆదోని షావుకారు పిల్ల మా ఇంట్ల కుండనీళ్లు తాగినాది!"

సంగతేమంటే, కూతురు ప్రేమలత ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. లెక్చరరు యశోద పిల్లల్ని జతలు చేసి, ఒకరింటికి ఒకరు పోయి ఒక పూట గడిపి, మనసులో ఏమనిపించిందో దాచకుండా రాయమంది. తమది కాని ఇంట్లో మెలగడం నేర్చుకోవాలట. ప్రేమలతకు పత్తి వ్యాపారి కూతురు హర్షిత జత పడింది.

ఆ పిల్ల వచ్చే రోజు ఉరుకుందమ్మ కూలి మానుకుంది. వారం ముందు నుంచే ఇంట్లో నీచు వండలేదు. ఇల్లు అలికింది, కొత్త కుండ తెచ్చింది, జొన్నరొట్టెలు కాల్చింది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం జంకి, "అంగట్ల బాటిలు తెప్పిస్తా అమ్మా" అంది. "వద్దమ్మా, మీ కుండలోవే ఇవ్వండి" అని హర్షిత గ్లాసెడూ గటగటా తాగేసింది. ఉరుకుందమ్మకు ఆ పూట తినకుండానే కడుపు నిండింది.

ఇల్లలకగానే పండగ కాదు. ప్రేమలత వంతు వచ్చేసరికి హర్షిత వాళ్లింటికి రంగులు వేస్తున్నారన్నారు. కూతురు వేసుకుపోవడానికి తల్లి కొత్త డ్రెస్సు కొని పెట్టెలో దాచింది. "రంగులేసేది అయిపాయెనా పాపా? ఎప్పుడు పోతావు?" అని ఎన్నిసార్లు అడిగినా, "ఇంకా లేదుమా" అని ప్రేమలత మొహం తిప్పుకునేది.

కాలేజీ వార్షికోత్సవానికి తల్లుల్నీ పిలిచారు. బాగా రాసినందుకు బహుమతి వచ్చిన హర్షిత మైకు ముందుకొచ్చి తను రాసింది చదివింది.

"వాళ్లింట్లో నీళ్ల గ్లాసు చేతికి రాగానే పారబోయాలనిపించింది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి తాగాను. ఇంటికి పోయాక మా అవ్వ వాకిట్లోనే నెత్తిన నీళ్లు గుమ్మరించి గానీ లోపలికి రానీయలేదు. అది తప్పని ఆమెకు చెప్పలేకపోయాను. నాలోని అసహ్యాన్ని ఆ రోజే చూశాను."

హాలంతా చప్పట్లు. ఎంత నిజాయితీ అని యశోద కళ్లు తుడుచుకుంది. అందరితో పాటు కలిసిన ఉరుకుందమ్మ చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. ప్రతి చేలో చాటుకున్న మాట తలచుకుంటే ఆమెకు ఒళ్లంతా మండింది, ఏడుపూ వచ్చింది. చదువు ఆ పిల్లది, బహుమతీ ఆ పిల్లదే, పాఠం మాత్రం తన ఇల్లు! పక్కన ప్రేమలత తలెత్తలేదు. హర్షిత ఏం రాసిందో ఆమెకు ముందే తెలుసు.

హర్షిత బహుమతితో దిగివచ్చి, ఫోటో కోసం ఉరుకుందమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"మీ ఇంటికి రంగులేసేది అయిపాయెనా అమ్మా?" అని మెల్లగా అడిగింది ఉరుకుందమ్మ.

అంతమంది ముందర అంత నిజం చెప్పిన పిల్ల, ఫోన్ వైపే చూసి నవ్వుతూ, "ఇంకా కాలేదమ్మా" అంది.