ఏ దండ ఆ తలుపుకే

మా చెల్లెలు తలుపులకు కట్టే దండల్లో మొట్టమొదట గుండ్రంగా వచ్చింది పదకొండోది. అంతకు ముందువి ఒకటి కోడిగుడ్డులా, ఒకటి వంకాయలా, ఒకటైతే అలిగి కూర్చున్న మనిషిలా వచ్చాయి. బోసి తలుపు కనిపిస్తే ఆమె చేతులు ఊరుకోవు. బకెట్టు చుట్టూ ఇనపతీగ వంచి, పాత చీర పేలికలు చుట్టి, దాని మీద చేతికందింది కుట్టేస్తుంది. నేను మా ఊరి బడిలో చదువుకున్నవాణ్ణి, గొప్పలు చెప్పను. కానీ మా మేడలో ఆమె దండ లేని తలుపు ఒక్కటి చూపించండి!

ఎవరి దండ వాళ్లదే. నాకు కొబ్బరితాడు, పక్కింటి రిటైరైన బస్సు డ్రైవరుకి కోటు బొత్తాలు, పైఅంతస్తు నర్సుకి స్పూన్లు.

"పిన్నీ, గాలికి గలగలమంటున్నాయి. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకోవద్దూ?"

"చెవుల్లో దూది పెట్టుకో తల్లీ. నీ దగ్గర లేకనా?"

"పోనీ నాకూ బొత్తాలు కుట్టు."

"ఒకరిది ఇంకొకరికి కుట్టను."

దండ వేలాడదీసేది కూడా నడుం ఎత్తులోనే. "ఎవరు చూడ్డానికే అక్కడ? పిల్లులా?" అంటే, "నీకేం తెలుసన్నయ్యా" అని తీగ వంచుకునేది.

ఈమధ్య తలుపులకు రంగులు వేయించాం. ఆ పూట చెల్లెలు బజారుకి వెళ్లింది. పెయింటరు కళాపోషకుడు. దండలన్నీ దింపి, రంగు ఆరాక, తన కంటికి ఏది ఎక్కడ నప్పితే అక్కడ తగిలించాడు. బొత్తాలు నా తలుపుకి నప్పాయట.

సాయంత్రం నేను పెరటి గదిలోంచి వచ్చేసరికి డ్రైవరుగారు చొక్కా విప్పేసి, నా కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నారు.

"ఎవరయ్యా అది? నా ఇంట్లో నీకేం పని?" అని గద్దించారు.

"ఇది నా ఇల్లు డ్రైవరుగారూ. ఆ కుర్చీ కూడా నాదే."

ఆయన కుర్చీ చేతులు తడిమారు. "తలుపుకి బొత్తాలున్నాయే..."

అప్పుడు చెప్పారు. రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషనంటే భయం. "మా అక్కకి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయించి తనతో తీసుకుపోతుంది అన్నగారూ. ఆవిడ వంట మీరు తినలేదు కాబట్టి బతికిపోయారు. మీ చెల్లెమ్మ ఒక్కతే కనిపెట్టింది. నా ఒక్క తలుపుకే చేత్తో తడిమి పోల్చుకునే గుర్తు పెడితే నలుగురూ ఆరా తీస్తారని, అందరికీ కట్టింది."

ఒక్క మనిషి పరువు కోసం మేడంతా అలంకరించిన మహాతల్లి మా ఇంట పుట్టింది!

ఆమె రాగానే సంగతంతా విని డ్రైవరు ముందు నిలబడింది. "ఇవాళ మా అన్నయ్య కుర్చీ కాబట్టి సరిపోయింది. రేపు నర్సమ్మ ఇంట్లో చొక్కా విప్పితే? ఆస్పత్రికి నేను తోడొస్తాను. భయమేస్తే నన్ను తిట్టుకోండి" అంది. ఆ మాటకి ఆయన బస్సెక్కారు. అక్కడ కూడా వార్డు తలుపుకి దండ కట్టిందట.

నిన్న డ్రైవరుగారే ఫోను చేశారు. "అన్నగారూ, కట్టు విప్పారు. బ్రహ్మాండంగా కనిపిస్తోంది. ముందు ఆ వార్డు దండే చూశాను." గొంతు తగ్గించారు. "ఇవన్నీ ఇంత వికారంగానే ఉంటాయా?"

వెనకనుంచి మా చెల్లెలి నవ్వు. "ఆ బొత్తాలు మాత్రం తియ్యనివ్వకండి, నా కళ్లతో చూడాలి" అని ఆయనే మళ్లీ ఆజ్ఞ. ఇద్దరూ వచ్చేది పదిహేడో తారీఖు, గురువారం.