పసుపు దారం కట్టిన సాంచలు

విమానం ఇంజన్ గురించి మా బిడ్డ చెబుతుంటే నా కంచంలో అన్నం చల్లారిన సంగతే తెలియలేదు. తను విమానాల మరమ్మతు చదివి ముంబయిలో పని నేర్చుకుంటోంది, సెలవుకు బమ్రోలిలోని మా ఇంటికి వచ్చింది. నేనేమో ఇరవై ఏళ్లుగా ఇక్కడి కార్ఖానాలో మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీని. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం.

“ఒక రకం ఇంజన్లల్ల చక్రాలు మార్చాలని హుకుం వచ్చింది బాపూ. మార్చేదాక ఆ విమానం లేవొద్దు,” అంది.

“చెడిపోయినయా?”

“లేదు. మంచిగనే తిరుగుతున్నయ్.”

“మంచిగ తిరిగేదాన్ని ఎందుకు పీకుతరే? పని లేదా మీకు?”

నాకు నిజంగానే ఒళ్లు మండింది. మా దగ్గర విరిగాకే సామాను మారుస్తాం. విరగబోయేదానికి తీగ చుట్టి ఇంకో నెల నడిపించినవాడే మొనగాడు. ఆ మొనగాణ్ణి నేనే.

ఆమె నవ్వింది. ఒకే లాటులో తయారైన చక్రాల్లో లోపం బయటపడిందట. పగులు లోపల ఉంటే పైకి కనిపించదట. ఒకటి పగిలిందంటే ఆ లాటులోవన్నీ అనుమానమేనట. మరి ఏది ఏ ఇంజన్లో ఉందో ఎలా తెలుస్తుంది? ప్రతి చక్రానికీ ఒక నంబరు, ఆ నంబరు రాసుకున్న పుస్తకం ఉంటాయట. అడిగినకొద్దీ ఇంకా అడగాలనిపించింది. ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకొకసారి, తీసినదాన్ని ఏం చేస్తారు?

“నీ సాంచల్ల గిట్ల ఎన్నడన్న అయిందా బాపూ?” అని తనే ఎదురడిగింది.

అయింది. పోగును మోసుకుపోయే నాడెను అటూ ఇటూ కొట్టే పిక్కర్లు ఆ నెలలోనే మూడు విరిగాయి. మూడూ దసరాకు తెచ్చిన డబ్బాలోవే. పిక్కర్ విరిగితే నాడె ఎగిరి బయటికొస్తుంది. మూడోసారి అది ఒకతని చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. నేను విరిగిన మూడూ మార్చి చేతులు దులుపుకున్నాను.

“మిగిలినయి ఏడున్నయ్?”

పాత సామానుతో సాంచకు దసరా పూజ చేయం. కొత్త పిక్కర్ బిగించి పసుపు దారం కడతాం; ఈసారి ఆ డబ్బాలోవే బిగించాం. తనిఖీకి తిరిగేటప్పుడు దారం ఉన్న సాంచను నేను ముట్టుకోను, కొత్తదే కదా అని. ఆ మాట చెబుతుండగానే గుర్తొచ్చింది: నా బామ్మర్ది నడిపే సాంచకూ ఆ దారం ఉంది.

“అయితే దారమే నీ పుస్తకం బాపూ,” అంది మా బిడ్డ.

పొద్దున్నే పోయి బామ్మర్ది సాంచ ఆపాను.

“ఏంది బావా, మంచిగ నడుస్తుంటే? దిమాక్ ఖరాబైందా?” అని వాడు గయ్యిమన్నాడు.

పిక్కర్ విప్పి వాడి చేతిలో పెట్టాను. నున్నగా ఉంది, ఎక్కడా గీత లేదు. నాకే సిగ్గేసింది. వాడు వెక్కిరింపుగా నవ్వి, రెండు బొటనవేళ్లతో దాన్ని వంచాడు. పుటుక్కున రెండు ముక్కలైంది.

వాడు ఆ ముక్కలు నా చేతిలో పెట్టాడు. తర్వాత పక్క సాంచ దగ్గరికి పోయి స్విచ్ కట్టేసి, “దీనికి గూడ దారం ఉంది బావా,” అన్నాడు.