పెద్దమనిషి వస్తున్నాడని అలికిన కొట్టు

మాలిఖాఫా అన్న పేరు ఆమెకు పెట్టింది ఆడబిడ్డ మామోసెలే. కాపురానికొచ్చిన కోడలికి, పుట్టబోయే బిడ్డకు తల్లివంటూ అత్తింటివారు కొత్త పేరు పెట్టడం మా కొండల్లో మామూలే. ముప్పై ఏళ్ళుగా మామోసెలే ఆ పేరెత్తి పిలిచినప్పుడల్లా ఏదో ఒక తలనొప్పి వెంటబడి వస్తూనే ఉంది.

ఆ ముప్పై ఏళ్ళలో సగం కాలం మాలిఖాఫా గంజాయి మూటల్ని ఒంటికి కప్పుకున్న దుప్పటి కింద దాచి కనుమలు దాటించింది. ఇప్పుడు పెంచేది దాని చెల్లెలి లాంటి మొక్క, తాగినా మత్తెక్కదు. ఊళ్ళో మగవాళ్ళు రెండు దమ్ములు లాగి, "మరి దీన్నెందుకు పెంచుతున్నావు తల్లీ?" అని జాలిపడి పోయారు. చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. పువ్వును చీకటి కొట్టులో పది రోజులు ఆరబెట్టాలి. గడ్డకట్టేంత చల్లని స్పిరిటులో మూడే నిమిషాలు ముంచి వడకట్టాలి. స్పిరిటు వేడెక్కితే ఆకుపసరు కూడా దిగి అంతా పాడవుతుంది. ఆపైన స్పిరిటును ఆవిరిగా పోనిస్తే, గిన్నె అడుగున తేనెరంగు నూనె మిగులుతుంది. దాన్ని పట్నం ఆసుపత్రిలో మూర్ఛలొచ్చే పిల్లల నాలుక కింద చుక్కలుగా వేస్తారు.

గురువారం త్సిలో అనే అధికారి రావాలి. పువ్వు నచ్చితే మందు నూనె తీసే పర్మిట్ ఇస్తాడు, లేదంటే కొట్టు మూతే. స్పిరిటు కోసం సోమవారం పట్నం వెళుతూ మాలిఖాఫా తాళంచెవి ఆడబిడ్డకిచ్చింది. "గురువారం పెద్దమనిషి వస్తున్నాడు వదినా, కాస్త శుభ్రం చేసి పెట్టు" అంది. అన్నది అంతే.

బుధవారం సాయంత్రం తిరిగొచ్చి తలుపు తీసేసరికి పచ్చి పేడ వాసన గుప్పున కొట్టింది. నేలంతా పేడా ఎర్రమట్టీ కలిపి నున్నగా అలికి ఉంది. గోడల మీద వేళ్ళతో గీసిన, దుక్కి చాళ్ళలాంటి ముగ్గులు. పైన దండేలకు పువ్వు గుత్తులు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. తేమ మీటరు సోమవారం పొద్దున యాభై ఎనిమిది చూపించింది, ఇప్పుడు ఎనభై ఒకటి చూపిస్తోంది. మాలిఖాఫా ఒక గుత్తి విరిచి చూసింది. లోపల బూడిదరంగు బూజు అప్పుడే మొదలైంది.

"వదినా! ఏం చేశావు వదినా!"

"ఏం చేశానే? నా తమ్ముడు కట్టిన కొట్టుకి పెద్దమనిషి వస్తుంటే దుమ్ము నేల చూపించమంటావా? నడుం విరిగింది, ఒక్క మంచి మాట లేదు!"

"కిటికీలన్నా తెరవొచ్చుగా!"

"వెలుతురు తగలకూడదని నా చెవిలో జోరీగలా పోరింది నువ్వు కాదూ?"

మాలిఖాఫా బూజు పట్టిన గుత్తిని ఆడబిడ్డ కళ్ళముందు పెట్టింది. మామోసెలే గొంతు తగ్గించి, "స్పిరిటులో ముంచుతావుగా, ఆ బూజంతా చస్తుంది. ఎవరికి తెలుస్తుంది?" అంది.

"పిల్లల నోట్లో వేసేది వదినా."

దుప్పటి కింద మోసిన రోజుల్లో బూజు పట్టిందా అని అడిగిన నాథుడు లేడు. దొంగసరుకు ఒక్క మూటా తిరిగి రాలేదు. నిజాయితీగా పండించిన మొదటి పంట పెంటపాలవుతోంది. ఆ తలరాతను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ మాలిఖాఫా గుత్తులన్నీ దింపి తన చేత్తోనే పెంటకుప్ప మీద పోసింది.

మర్నాడు త్సిలో వచ్చాడు. గుమ్మంలో అలికిన నేల చూడగానే ఆలోచించకుండానే బూట్లు విప్పేశాడు. మేజోళ్ళతో లోపలికొచ్చి ఖాళీ దండేల వంక చూశాడు.

"పంటేదమ్మా?"

"పెంట మీద ఉందయ్యా. బూజు పట్టింది."

అతను కాగితం తీశాడు. "నష్టానికి కారణం అని ఒక గడి ఉంది. ఏం రాయమంటారు?"

మామోసెలే తలొంచుకుని దుప్పటి అంచు నలుపుతోంది. ముప్పై ఏళ్ళలో ఆమె నోరు మూతపడటం మాలిఖాఫా చూడలేదు. ఆడబిడ్డ పేరు చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది.

"రాయండయ్యా," అంది విసుగ్గా. "మీరు వస్తున్నారని."

త్సిలో గోడల మీది ముగ్గులు చూశాడు, తన మేజోళ్ళూ చూసుకున్నాడు. ఆ మాటే రాశాడు.

"పువ్వు లేకుండా పర్మిట్ ఇవ్వలేనమ్మా. కొట్టు మాత్రం మూయించను. వచ్చే కోతకి మళ్ళీ వస్తాను, ఈసారి చెప్పకుండా వస్తాను."

అతను బూట్లు తొడుక్కుని వెళ్ళాక మామోసెలేకు నోరొచ్చింది. "చెప్పకుండా రావడమేమిటే? అదేం మర్యాద!"

 మాలిఖాఫా ముందు ఆడబిడ్డ దుప్పటి అంచున కట్టుకున్న తాళంచెవి విప్పుకుని, తర్వాత ఆ అలుకంతా గీకమని పార ఆమె చేతికిచ్చింది.