పెద్దవాళ్ళ ఓపీకి మారాక

నిన్న మా తమిళనాడులో హరూర్ నుంచి ధర్మపురికి వచ్చే బస్సులో నా పక్కన ఒక చిన్న వయసు తల్లి కూర్చుంది. ఒళ్ళో పాప మెడ వాల్చిన తీరు, ఆ చూపు చూడగానే పిల్లల వార్డుకు వెళుతున్నారని అడగకుండానే తెలిసింది. జాలి కలగవలసిన చోట నాకు అసూయ కలిగింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో, కానీ ఉన్నమాట చెబుతున్నాను.

మా అమ్మాయికి బుద్ధి ఎదుగుదల తక్కువ, దానికితోడు ఫిట్స్. పసితనం నుంచీ టౌన్లో ఒకే ఆసుపత్రి పిల్లల వార్డుకు తిప్పాము. అక్కడి డాక్టరమ్మ స్టెతస్కోపును ముందు నా చేతికి, తర్వాత నా గాజులకు ఆనించి, ఆ తర్వాతే దాని గుండె దగ్గరకు తెచ్చేది; లేకపోతే అది ముట్టుకోనివ్వదని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం నాలాంటి తల్లులమంతా బల్లమీద కూర్చుని పెరుగన్నం పంచుకునేవాళ్ళం. ఆసుపత్రికని బయలుదేరితే పుట్టింటికి పోతున్నట్టే ఉండేది.

పద్దెనిమిది నిండగానే, మా భాష మాట్లాడే ఆయా ఒకావిడ, "ఇంగ ఈడికి రాకూడదంట అక్కా, పెద్దోళ్ళ ఓపీకి పోవాలంట" అని చెప్పి తానే కళ్ళు తుడుచుకుంది.

పెద్దవాళ్ళ ఓపీలోని కుర్ర డాక్టరు మంచివాడే. పెద్దపిల్ల కదా, తన మాట తనే చెప్పుకోనివ్వండి అని నన్ను తెర బయట ఉండమన్నాడు. అందులో గౌరవమే ఉంది, కాదనను. కానీ ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం మాట్లాడే మా ఇళ్ళలో ఒక అలవాటుంది. డాక్టర్లు, ఆఫీసర్లు ఏమడిగినా చేతులు కట్టుకుని "ఆమాంగ", అంటే అవునండీ, అనాలని మా అత్త మనవరాలికి ముద్దుగా నేర్పింది. ఫిట్స్ రోజూ వస్తున్నాయా అన్నా, నిద్ర పట్టడం లేదా అన్నా అది ఆమాంగ అనే చెప్పిందని నాకు తర్వాతే తెలిసింది. మాత్రలు పెరిగాయి. నోట్లో ముద్ద పెట్టుకునే నిద్రపోయేది బిడ్డ. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన చనువుగా పెళ్ళయిందా అని అడిగితే ఆమాంగ అంది, పిల్లలున్నారా అంటే ఆమాంగ అంది. ఈసారి తెరకు ఆనుకుని వింటున్న నాకు నవ్వొచ్చింది, నవ్వు వెంటే ఏడుపొచ్చింది. ఆయనకూ విషయం అర్థమై గబుక్కున తెర తీసి నన్ను లోపలికి పిలిచాడు, మాత్రలు తగ్గించాడు. ఆనాటి నుంచి నన్ను పక్కనే కూర్చోనిస్తున్నారు.

ఆయనా బదిలీ అయిపోయాడు. ఇప్పుడు వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త ముఖం, మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవడం. టోకెన్ పిలుస్తారు, మాత్రలిస్తారు, వచ్చేస్తాము. ఎవరినీ తప్పు పట్టలేను. ఆ తల్లులంతా ఎటు పోయారో తెలియదు, మా అత్త పోయింది, మా ఇంటాయనా పోయారు. నోరు తెరిచి చెప్పలేని నా బిడ్డకు ఎక్కడ నొప్పో ముఖం చూసి కనిపెట్టగలవాళ్ళు ఒకప్పుడు వార్డు నిండా ఉండేవారు. ఇప్పుడు నేనొక్కదాన్నే, నాకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి.