తెలియకముందు

వానలకు ముందు తలుపులకు వేపనూనె పూయిస్తుంటే చేదు వాసన ఇల్లంతా పట్టింది. నాకు వెంటనే నర్సింగరావు గారు గుర్తొచ్చారు. నిజామాబాదులో ఆయన దగ్గరే నేను వకాలతు నేర్చుకున్నాను. పందొమ్మిది వందల ముప్పైల చివరి మాట. బోధన్‌లో చక్కెర మిల్లు లేస్తోంది, చెరుకు బండ్లకు గిరాకీ పెరిగింది. తడికి బండి కట్టె బూజు పట్టి పుచ్చిపోవడమూ పెరిగింది. అక్కడి గంగాధర్ అనే కలప వ్యాపారి కట్టెను మైలుతుత్తం నీళ్లలో నానబెట్టి, ఆరాక కాచిన వేపనూనె పట్టించేవాడు. ఇక బూజు దరిచేరేది కాదు. ఆ పద్ధతి తనదేనని పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు.

మోస్రా ఊరి వడ్రంగి రాజయ్య లబోదిబోమంటూ మా దగ్గరికొచ్చాడు. "తుత్తం అందరికెరుకే, వేపనూనె అందరికెరుకే. రెండు పట్టిస్తే ఆయనదెట్లయితది సాబ్? మా పొట్ట కొట్టుడే గద!"

కేసు గెలిచినట్టే అనుకున్నాను. నర్సింగరావు గారు అతనికి చాయ్ ఇప్పించి, దగ్గు ఆపుకుని అడిగారు. "ఆయన చేసింది చూడకముందు, బూజు పడితే నువ్వేం చేస్తుంటివి?"

"నూనె రాస్తుంటి."

"ఆగిందా?"

"యాడ ఆగింది సాబ్! కట్టె మారుస్తుంటి."

"మరి తుత్తం ఎందుకు పట్టియ్యలే?"

రాజయ్య తల గోక్కున్నాడు. "తోచలే."

నాకు ఒళ్లు మండింది. అతను వెళ్లగానే, "మన కేసు మనమే ముంచుకుంటున్నాం" అన్నాను. ఆయన నవ్వారు. "చూసినంక అన్నీ తెలిసినట్టే ఉంటయ్ బిడ్డా. చూడకముందు ఎట్లుండెనో గది యాద్ చేసుకో."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బోధన్ వెళ్లారు. బజారులో ఆగి ఆగి నడిచారు. మమ్మల్ని చూడగానే గంగాధర్ ముఖం ముడుచుకున్నాడు.

"నీ తెలివి నీదే గంగాధర్, మేం కాదనం. ఊళ్ల వడ్రంగులను వాళ్ల బండ్లకు వాడుకోనియ్యి, గంతే" అన్నారు ఆయన.

గంగాధర్ కళ్లు తుడుచుకున్నాడు. "అందరు గిదేం గొప్ప అన్నోళ్లే సాబ్. నాదన్నది మీరొక్కరే. వాడుకోమనుండ్రి." అలా రాజయ్య పని నిలిచింది.

ఆ చలికాలంలోనే నర్సింగరావు గారు పోయారు. ఆ దగ్గు చూస్తే తెలియలేదా అన్నారు అందరూ. ఇప్పుడు తలచుకుంటే నాకూ అన్నీ ఆనవాళ్లే. కానీ ఆయన మాట నన్ను ఊరుకోనివ్వదు. చూడకముందు ఎట్లుండెనో యాద్ చేసుకుంటాను. బోధన్ నుంచి తిరిగి వస్తున్నాం. ఆయన చెరుకు ముక్క నములుతూ నవ్వుతున్నారు. నేను రేపటి కేసు గురించి ఏదో వాగుతున్నాను. రేపూ ఇలాగే ఉంటామనే ఇద్దరం అనుకుంటున్నాం. ఎంత బాగుండేది సార్, ఆ తెలియకపోవడం!